ఆ 20 నిమిషాలెక్కడ?

కుటుంబ నియంత్రణ శిబిరాలకు మూడేళ్లలోగా స్వస్తి పలకాలని 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. బీహార్‌లోని అరారియా జిల్లాలో 2012 జనవరిలో ఒక బడిలో 53 మంది మహిళలకు రెండు గంటల్లో ఆపరేషన్లు కానిచ్చేసిన వైనంపై దేవికా బిశ్వాస్ వేసిన పిటిషన్‌లో వచ్చిన తీర్పది. గడువు 2019లో తీరిపోయింది. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ శివార్లలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి లాపరోస్కోపీ పద్ధతిలో కు.ని. ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగిలినవారిని హుటాహుటిన నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. ఇన్ఫెక్షన్ సోకిందనీ, పరికరాలను సరిగా స్టెరిలైజ్ చేయలేదనీ విచారణలో తేలింది.

డాక్టర్లపై, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. కానీ ఎవరూ పెద్దగా వేయని లెక్క ఒకటుంది.

లాపరోస్కోప్ సున్నితమైన కటకాలున్న గొట్టం. శిబిరాల్లో దాన్ని రసాయనంలో ముంచి శుద్ధి చేస్తారు. అంతకుముందే రక్తం ఎండిపోకుండా తుడవాలి. విడదీయగల భాగాలన్నీ విడదీసి, సందుల్లో బ్రష్ తిప్పి కడగాలి. ఆ తర్వాత 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ఉంచాలి. చివరగా స్టెరైల్ నీటితో కడగాలి. ఒకే లాపరోస్కోప్ ఉంటే, 34 మందికి నానబెట్టడానికే 11 గంటల 20 నిమిషాలు పడుతుంది. మూడుంటే దాదాపు నాలుగు గంటలు. కడిగే సమయం దీనికి అదనం. అందుకే ఒక బృందం మూడు లాపరోస్కోప్‌లతో రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో రాసుకుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేసిన రోజున ఆ కాగితం ఎక్కడుందో!

మిగతా పరికరాలను ఆటోక్లేవ్‌లో పెడుతున్నాం కదా అంటారు. పొట్లంపై అంటించిన టేపు మీద నల్ల చారలు వస్తే పొట్లానికి బయట వేడి తగిలిందని మాత్రమే అర్థం. ఫోర్సెప్స్ కీలులో ఎండిన రక్తం ఉంటే, దాని మాటున సూక్ష్మజీవులు బతికిపోవచ్చు. ముందు కడగనిది తర్వాత ఎంత ఉడికించినా నమ్మకం లేదు.

ఢిల్లీ, గుర్‌గావ్‌లలోని పెద్దాసుపత్రుల్లో ఈ పనికి సీఎస్ఎస్‌డీ అనే ప్రత్యేక విభాగం ఉంటుంది. మురికి పరికరాలు వచ్చే దారి వేరు, శుభ్రమైనవి వెళ్లే దారి వేరు. ఏ ట్రే ఎప్పుడు శుద్ధి అయిందో రిజిస్టర్‌లో ఉంటుంది. చిన్న ఊళ్లలోని ఆసుపత్రిలో ఇదే పని తరచూ ఒక నర్సు మీదో, ఆయా మీదో పడుతుంది. బయట బెంచీల మీద ఆడవాళ్లు పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా కూర్చుని ఉంటారు. లోపల సర్జన్ తొందరపడుతుంటారు. అలాంటప్పుడు 20 నిమిషాలు అయిదు నిమిషాలవడం వింతేమీ కాదు.

దీనికి మందు మరీ ఖరీదైనది కాదు. అదనంగా కొన్ని పరికరాల సెట్లు, సన్నని బ్రష్‌లు, కడిగేవారికి శిక్షణ, గోడ మీద ఒక గడియారం. వాటికి తోడు ఒక అధికారం కావాలి: ‘ఇంకా కాలేదు, ఆగండి’ అని కడిగే మనిషి అంటే సర్జన్ ఆగాల్సిందే. ఆ రోజు ఎంతమందికి ఆపరేషన్ చేయాలన్నది లక్ష్యాల పట్టిక చూసి కాక, ట్రేలో ఉన్న పరికరాలను లెక్కపెట్టి నిర్ణయించాలి.