కాలిబాట ఎవరి పట్టా భూమి?

ఈ సంచికలో వరకట్నం మీద, నిరుద్యోగం మీద, మన సీమ కరువు మీద రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను మాత్రం ఇంటిముందర నిలబెట్టిన కారు గురించి రాస్తాను. "ఇదీ ఒక సమస్యేనా అప్పా?" అని మా రూములో వాళ్లు నవ్వినారు. నవ్వితే నవ్వండి. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ కొత్తగా లేచిన కాలనీల్లో, సాయంత్రం ఆరు గంటలప్పుడు, ఒక ముసలామెను వెంటబెట్టుకొని నాలుగు వీధులు నడిచి రండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆ కాలనీల్లో కాలిబాట అంటే పెద్ద నగరాల్లో మాదిరి రంగు టైల్సు పరిచినది కాదు. మురుగు కాలువ మీద కప్పిన బండలే మనకు కాలిబాట. ఆ బండల మీద కారు రెండు చక్రాలు, రోడ్డు మీద రెండు చక్రాలు. కారు లేని ఇంటి ముందర రెండు మోటారు సైకిళ్లు అడ్డంగా ఉంటాయి. అవీ లేకుంటే గేటులోంచి రోడ్డు మీదికి నాలుక చాపినట్టు దిగిన ర్యాంపు. ఒకాయన ర్యాంపు జానెడు ఎత్తు, పక్కాయనది మూరెడు. దాటుకుంటూ పోవాలంటే కోతి కొమ్మచ్చి ఆడినట్టే. మనిషి నడవడానికి వేసిన బండ కారు బరువుకు విరిగితే, విరిగిన చోట మురుగు నోరు తెరుచుకొని ఉంటుంది. అందుకని పిల్లలు, ముసలివాళ్లు, చంకన బిడ్డతో పోయే తల్లులు అందరూ రోడ్డు నడిమధ్యకు దిగుతారు. పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లూ లారీలూ ఎంత జోరుగా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ఆదోనిలో మా మేనత్త వాళ్లది అట్లాంటి కాలనీయే. అత్త వాళ్ల అత్తగారిని మేమంతా అవ్వ అంటాం. పోయిన ఏడాది ఆమె పాలప్యాకెట్టు కోసం పోతూ, పక్కింటి కారును చుట్టి రోడ్డు మీదికి దిగింది. వెనకనుంచి వచ్చిన ఆటో అద్దం భుజానికి తగిలి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. జనం పోగై ఆటో పిల్లవాణ్ణి రెండు దెబ్బలు వేసినారు. కారు వైపు ఒక్కరూ చూడలేదు. ఆ కారు యజమాని చెడ్డవాడేమీ కాదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది ఆయనే, అవ్వను వెనక సీటులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ కారులోనే. రాత్రి తిరిగొచ్చి మళ్లీ ఆ బండల మీదనే నిలబెట్టినాడు. అవ్వ ఇప్పుడు వాకిలి దాటదు.

2022లో మన దేశంలో రోడ్ల మీద చనిపోయిన పాదచారులు 32 వేలకు పైగా అని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. మా అవ్వలాగా ప్రాణంతో ఉండి మంచానికి అంటుకుపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు.

నేను సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నల్లరేగడిలో పక్క రైతు గట్టును ఒక్క సాలు లోపలికి దున్నితే ఏమవుతుందో నాకు తెలుసు. పంచాయితీ అవుతుంది, సర్వేయరు వస్తాడు, గొలుసు పడుతుంది. కొన్నిచోట్ల కట్టెలు కూడా లేస్తాయి. చేలకు పోయే బండ్లబాటను ఎవరన్నా మూస్తే ఊరంతా ఒకటవుతుంది, ఎందుకంటే బాట లేని చేను ఎంత బంగారమైనా పనికిరాదు. మా వీధి ఇరుకని మా నాయన ట్రాక్టరును ఊరిబయట కల్లంలోనే నిలిపి ఇంటికి నడిచి వస్తాడు. అదే మనుషులం పట్నంలో ఇల్లు కట్టుకోగానే బాట మాట ఎట్లా మరిచిపోతాం?

సైన్సు విద్యార్థిని కాబట్టి చిన్న లెక్క వేస్తాను. 2006లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తగ్గించినప్పటినుంచి మన వీధుల్లో కనిపించే కార్లలో చాలామటుకు ఆ పొడవుకు కాస్త లోపలే ఉంటాయి. వెడల్పు సుమారు 1.7 మీటర్లు. అంటే ఏడు చదరపు మీటర్లకు దగ్గర. సెంటు భూమి 40 చదరపు మీటర్ల పైచిలుకు. ఆరు కార్లు నిలిస్తే ఒక సెంటు పోయినట్టే. ఆ కాలనీల్లో సెంటు స్థలం ఎంత పలుకుతుందో అడిగి చూడండి! ఆ భూమిని ఏ రిజిస్ట్రేషనూ లేకుండా, పైసా శిస్తు కట్టకుండా అనుభవిస్తున్నాం. అదే బండల మీద ఒక తోపుడు బండి అరటిపండ్లాయన గంటసేపు నిలబడితే మాత్రం "ఆక్రమణ" అంటాం. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చినా ఆయనను గదమాయించడం ఆగలేదు. కారును ఎవరు గదమాయిస్తారు?

చట్టం లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ఇతరులకు అడ్డంకి అయ్యేటట్టు బండి నిలపరాదంటుంది. 127వ సెక్షను ఆ బండిని తీయించే అధికారం పోలీసులకిస్తుంది. 2017 డ్రైవింగ్ నిబంధనలు ఫుట్‌పాత్ మీద పార్కింగ్ కూడదని స్పష్టంగానే చెప్పినాయి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకి లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద, అంటే జీవించే హక్కు కింద, వస్తుందని చెప్పింది. జపానులో 1962లోనే చట్టం చేసినారు: బండి నిలుపుకోను జాగా ఉందని చూపినాకే కారు. లండనులో 1974లో కాలిబాట మీద పార్కింగును నిషేధించినారు. వాళ్లవి మనకంటే వెడల్పు వీధులేమీ కావు.

"వీధిని వాడుకోవడం కొత్తా? ఎమ్మిగనూరు నేతగాళ్లు వీధిలో పడుగు సాగదీయలేదా?" అని ఒక మిత్రుడు అడిగినాడు. మంచి ప్రశ్నే. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది, మగ్గం అన్నం పెట్టిన ఊరు. నేతపని చేసే ఊళ్లలో పడుగు వీధిలోకి రావడం మామూలే. అయితే పడుగు కాసేపు ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు, పని కాగానే చుట్టేసి లోపలికి తీసుకుపోతాడు. అది కూడు పెట్టే పని. కారు రాత్రీ పగలూ, ఎండావానా అక్కడే. కొందరైతే దానికి గుడ్డ కప్పి, ముందూ వెనకా రాళ్లు పెట్టి, పక్కా ఇల్లే చేసినారు.

మరి అత్త వాళ్లు ఎందుకు అడగలేదు అంటారేమో. అడగలేరు. అర్ధరాత్రి ఎవరికన్నా గుండెనొప్పి వస్తే ఆ కారే దిక్కు. పిల్లల పెండ్లిండ్లకు, చావులకు ఆ ఇంటివాళ్లే ముందుండేది. "ఏమన్నా, బండి కొంచెం జరుపు" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చెబితే మనసు నొచ్చుకుంటాడు. పోలీసుకు చెప్పడమా, ఆ ఆలోచనే పాపం. ఈ మొహమాటమే అన్ని చట్టాలనూ మింగేసింది. అందుకే ఈ పని పక్కింటివాళ్ల మీద వదిలేయరాదని నా వాదన. ఆదోని మునిసిపాలిటీ 1865 నాటిది. అంత పాత సంస్థ ప్రతి కాలనీలో కాలువ బండల అంచున ఒక పసుపు గీత గీయించలేదా? గీత దాటిన బండికి ముందు చీటీ, తర్వాత జరిమానా. ర్యాంపు గేటు లోపలే ఉండాలని ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడే షరతు. అప్పుడు మా అత్త నోరు తెరవనక్కర లేదు, పక్కింటాయన నొచ్చుకోనక్కర లేదు. గీత ఉంది గనుక జరుపుకున్నానంటాడు.

ఇక మన యూనియన్ వాళ్లకు ఒక మాట. ఈ సంక్రాంతి సెలవుల్లో మనలో చాలామంది ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎలాగూ పోతాం. ఒక రోజు ముందే పోయి, నలుగురం ఒక టేపు పట్టుకొని రెండు కాలనీల్లో ఎంత కాలిబాట మిగిలిందో కొలిచి, ఆ కాగితం మునిసిపల్ కమిషనరు గారి చేతికిద్దాం. టేపు నేను తెస్తాను.