నల్లగొండ చదువు చదువు కాదా?

మా పాఠశాలలో చదివి, పిదప డిగ్రీ ముగించిన ఒక బాలిక తండ్రి మొన్న శ్రావణమాసములో మా యింటికి వచ్చెను. దేవరకొండకు పడమట ఒక తండాలో ఆయనకు మూడెకరముల మెట్టపొలము కలదు. బిడ్డ రసాయనశాస్త్రములో ఎమ్మెస్సీ చదివి తీరవలెనని పట్టుబట్టినది. ప్రవేశపరీక్షలో ఆమెకు వచ్చిన ర్యాంకునకు ఉస్మానియా ప్రాంగణములో సీటు రాదు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయములో వచ్చును. హైదరాబాదులో ఉస్మానియాకు అనుబంధమైన ఒక ప్రైవేటు కళాశాలలో కూడ వచ్చును. ఆ కళాశాలవారు ఫోనుమీద ఫోను చేయుచున్నారు. ఎకరము అమ్మి బిడ్డను పట్నమునకు పంపవలెనా, లేక నల్లగొండకు పంపవలెనా అని ఆయన అడిగెను. మేము నల్లగొండకే పంపుమంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మీ పిలగాడు యాడ సదువుతుండు సారు?" అనెను.

మా కుమారుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు కళాశాలలో బ్యాంకు అప్పుమీద చదువుచున్నాడు. ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు. ఐనను చెప్పితిమి. ఆయన ఏమియు అనలేదు. టీ త్రాగి, మరల వస్తానని చెప్పి వెళ్లిపోయెను. ఆనాడు ఆయనకు ఈయలేకపోయిన ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో ఏ ఉపాధ్యాయుల గదిలో కూర్చున్నను, ఏ పెండ్లి సంబంధపు మాటలలో పాల్గొన్నను ఒకటే వెక్కిరింత వినవచ్చును. "ఎంజీయూనా? పాలమూరు యూనివర్సిటీనా? అవి కూడ యూనివర్సిటీలేనా?" ఈ మాట అనువారిలో నూటికి తొంబదిమంది అన్నెపర్తి వద్దనున్న ప్రాంగణమును గాని, రాయచూరు బాటలో బండమీదిపల్లి వద్దనున్న ప్రాంగణమును గాని లోనికి పోయి చూచినవారు కారు. బస్సు కిటికీలోనుండి కమాను మాత్రము చూచినారు.

నల్లగొండ విశ్వవిద్యాలయము 2007లోను, పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను ఏర్పడినవి. అంతకు ముందు ఈ రెండు పట్టణములలోను ఉస్మానియావారి స్నాతకోత్తర కేంద్రములుండెను. రెండు జిల్లాలలోని డిగ్రీ కళాశాలలన్నియు ఉస్మానియాకే అనుబంధములు. అవే గదులు, అవే బల్లలు, చాలవరకు ఆ అధ్యాపకులే. ఒకనాడు పట్టామీది పేరు మారినది. అంతటితో చదువు వెల పడిపోయినదట! నిన్నటి సాయంకాలము గొప్పదైన పాఠము నేటి ఉదయమునకు నాసిదైనచో, ఆ గొప్పతనము పాఠములో ఉండెనా, ముద్రలో ఉండెనా?

ముద్ర సంగతి ఇంకను చెప్పవలసియున్నది. మన విశ్వవిద్యాలయములకు ముఖములు రెండు. ఒకటి ప్రాంగణము. అక్కడ అధ్యాపకులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము ఉండును. రెండవది పరీక్షలు జరిపి పట్టాలిచ్చు కచేరి. దానిక్రింద వందలకొలది ప్రైవేటు కళాశాలలుండును. హైదరాబాదులో చెప్పుల అంగడికి మీద, భోజనశాలకు ప్రక్కన మూడు గదులలో నడుచు కళాశాలలో చదివినవానికిని ఉస్మానియా పట్టాయే వచ్చును. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆ రాతి ఆర్ట్సు కళాశాల భవనమును వాడు పటములో మాత్రమే చూచియుండును. ఐనను వాని తండ్రి "మావాడు ఉస్మానియా" అని మీసము దువ్వును. నల్లగొండ ప్రాంగణములో ఆచార్యునియెదుట కూర్చుండి, తన చేతితో ద్రావణములు కలిపి పరీక్షించిన పిల్ల తండ్రి మాత్రము తల వంచుకొనవలెను! ఇంతకంటె విపరీతమేమున్నది? మా తండా మిత్రుడు ఎకరము అమ్మి కొనబోవుచున్నది చదువు కాదు, నాలుగక్షరముల ముద్ర.

పట్నపు చదువు ఖరీదు ఎకరముతోనే తీరదు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్సుమెంటు పేదలకు చేసిన మేలును మేము కాదనము. అది లేనిచో మా పాఠశాల విద్యార్థులలో సగముమంది డిగ్రీ మెట్టు ఎక్కియుండరు. కాని ప్రభుత్వము బకాయి పెట్టినప్పుడెల్ల ఆ బరువు పిల్లలమీదనే పడుచున్నది. మా పూర్వవిద్యార్థి యొకడు, కళాశాల పేరు చెప్పము, ప్రభుత్వపు సొమ్ము రాలేదని అసలు పత్రములు చేతికీయక ఆపివేయగా, చేతికందిన కొలువు వదలుకొని మరల గొఱ్ఱెలవెంట పోయెను.

పూర్వము మనవారు దూరము పోయి చదువలేదా అని ఒక మిత్రుడు మమ్ము నిలదీసెను. పోయిరి. పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు మద్రాసులో చదివిరి. ఆ సీమవారే యైన బూర్గుల రామకృష్ణారావుగారు పుణేలోను బొంబాయిలోను చదివిరి. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో 1948 వరకు బోధనాభాష ఉర్దూ. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవలెననుట గొప్ప ఆశయమే. ఆ భాష మన రైతుబిడ్డ యింటిభాష కాకపోవుటయే వచ్చిన చిక్కు. 1938లో వందేమాతరము పాడినందుకు వెళ్లగొట్టబడిన విద్యార్థులలో ఎందరో నాగపూరు పోయి చదువు సాగించిరి. పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. వీరందరును దూరము పోయినది ఇంటివద్ద తలుపు లేనందున. మనము తలుపు ఉండగా గోడ దూకుచున్నాము.

ప్రతాపరెడ్డిగారి పేరు వచ్చినది కావున మరొక మాట. తెలంగాణములో కవులు లేరని ఒకరు వ్రాయగా ఆయన ఏమి చేసిరి? తిట్టలేదు. "మాది వీరభూమి, కవిభూమి" అని తొడ చరచుకొనలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి ముందర పెట్టిరి. లెక్క చూపినపిమ్మట ఆక్షేపించినవారికి మాట లేకపోయెను. మన విశ్వవిద్యాలయముల విషయమున వెక్కిరించువారికిని, "మనది కనుక మంచిది" అని వెనుకవేసికొని వచ్చువారికిని కావలసినది ఆ లెక్కయే. పేరు విని నమ్ముటయు, పేరు విని నవ్వుటయు ఒకటే సోమరితనము.

లెక్క పెట్టినచో ఏమి తేలును? మొదట తేలునది సిగ్గుపడవలసిన సంగతియే. రెండు విశ్వవిద్యాలయములలోను మంజూరైన అధ్యాపక పదవులు ఏండ్ల తరబడి ఖాళీగ పడియుండినవి. పాఠముల భారము ఒప్పంద అధ్యాపకులు, గంటకింత యని కూలి పుచ్చుకొను అధ్యాపకులు మోయుచున్నారు. ఒప్పందపు నియామకములు మొత్తము పదవులలో 10 శాతమునకు మించరాదని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2018 నిబంధనలలో వ్రాసినది. మన ప్రాంగణములలో ఆ నిష్పత్తి తలక్రిందులైనది. ఉమ్మడి రాష్ట్రపు ప్రభుత్వమువారు విశ్వవిద్యాలయములకు పేర్లు పెట్టి, శంకుస్థాపనలు చేసి తృప్తిపడిరి. 2014 తరువాత వచ్చిన స్వరాష్ట్ర ప్రభుత్వమువారు 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము చేసి, 2020లో ఐదింటికి అనుమతి నిచ్చిరి. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో నియామకములకై ఉమ్మడి మండలి బిల్లు శాసనసభలో నెగ్గినది 2022 సెప్టెంబరులో. దానిపై గవర్నరుగారు సందేహములు అడిగిరి. మంత్రిగారు పోయి సమాధానములు చెప్పి వచ్చిరి. కుర్చీలు ఖాళీగనే యుండెను. పొరుగువాని దీపమునకు తైలమునిచ్చి తన యింటి దీపమును కొండెక్కించిన గృహస్థుని ఎవరైన మెచ్చుకొందురా?

ఈ ఖాళీలు మాత్రమే చూచి "అక్కడ చెప్పువారే లేరు" అనుట మరొక అన్యాయము. ఒప్పంద అధ్యాపకులనగా ఎవరు? పెక్కుమంది మన పల్లెలలో పుట్టి, ఉస్మానియాలో డాక్టరేటు పొంది, పదియేండ్లు, పదునైదేండ్లుగా జీతము పెరగక, పదవి స్థిరపడక పాఠము చెప్పుచున్నవారు. మా పాఠశాలలో చదివిన ఇద్దరు అట్లున్నారు. ఒకరి పాఠము మేము స్వయముగ వెనుకబల్లపై కూర్చుండి వింటిమి. బి.ఎ.లో మాకు అట్టి పాఠము దొరకలేదు. అట్లని అందరును అట్టివారని మేము పూచీ పడము. మధ్యాహ్నము కాగానే ఖాళీయగు తరగతులున్నవి. తాళము తీయని బీరువాలున్నవి. ఇవి దాచి పొగడుట పిల్లలకు ద్రోహము చేయుటయే.

ఈ సీమకు సొంత విశ్వవిద్యాలయము ఏల యనువారికి ఒక కథ. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి తగ్గించు ఒక పద్ధతి కలదు. దానికి ప్రపంచమంతటను "నల్లగొండ పద్ధతి" యని పేరు. ఆ పేరు విని మా పిల్లలు ఉబ్బిపోవుదురు. దానిని కనిపెట్టినది నల్లగొండలో కాదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు. నాగపూరునకు మనము రెండుమార్లు ఋణపడితిమి. రోగము మనది, ఎముకలు మనవి, పేరు మనది. విద్య మాత్రము పరులది. ఆ కాలమున ఇక్కడ విశ్వవిద్యాలయమే లేదు కనుక అది మన తప్పు కాకపోవచ్చును. మిషన్ భగీరథ నీరు వచ్చినపిమ్మట ఆ బాధ తగ్గినది. కాని మర్రిగూడెము వైపు వంగిన వెన్నుముకలు ఇంకను కానవచ్చుచున్నవి. వాటిని గూర్చి, మన బోరుబావుల నీటిని గూర్చి పరిశోధింపవలసినవారెవరు? దేశమందలి ఆనకట్టలకు రాళ్లు మోసిన పాలమూరు కూలీల చరిత్రను, వారి పలుకుబడిని ప్రోగుచేయవలసినవారెవరు? పానగల్లు ఛాయాసోమేశ్వరాలయములోని నీడ మర్మమును విప్పినది ఈ జిల్లా భౌతికశాస్త్రాధ్యాపకుడే. అట్టి కన్ను ఇంటిదగ్గరనుండు వానికే యుండును. ఇంటిలోని తెలివియంతయు గచ్చిబౌలి చేరినచో ఈ పనులు ఎన్నటికి జరుగును?

కేంద్రీయ విశ్వవిద్యాలయములో గాని, వరంగల్లు ఎన్ఐటీలో గాని సీటు వచ్చిన బిడ్డను "సొంత జిల్లా" అని ఆపువాడు గురువు కాడు, వాడు పోవలెను. మేము మాటాడునది అట్టి కొలదిమందిని గూర్చి కాదు. తక్కిన వేలమందిని గూర్చి, అందులోను ఆడుపిల్లలను గూర్చి. మా ప్రాంతమున డిగ్రీ ముగిసిన బాలిక యెదుట చాలసార్లు నల్లగొండ, హైదరాబాదు అను రెండు దారులుండవు. నల్లగొండ, పెండ్లి అను రెండు దారులుండును. రెండు గంటలలో బస్సుమీద పోయి చేరగల ప్రాంగణమును, అందులోని హాస్టలు గదిని "పనికిరానిది" అని నవ్వి కొట్టివేయు పెద్దమనుష్యుడు తానెరుగకయే ఆమెకు పెండ్లి ముహూర్తము పెట్టుచున్నాడు.

ఆ పెద్దమనుష్యులెవరు? మేమే. ప్రభుత్వపు జీతము తిని, ప్రభుత్వ పాఠశాలలో పాఠము చెప్పి, మన బిడ్డలను మాత్రము ప్రభుత్వపు గడప త్రొక్కనీయని ఉపాధ్యాయులము, తహసీలుదారులము, ఇంజనీర్లము. ఒక కలెక్టరు కుమార్తె అన్నెపర్తిలో చదివియున్నచో రసాయనశాస్త్ర శాఖలో కుర్చీలు ఇన్నేండ్లు ఖాళీగ నుండెడివా? ప్రయోగశాలలో గొట్టము పగిలిన మరునాడే క్రొత్తది రాకుండునా? నోరున్నవాడు లేచిపోయిన చోట మిగిలినవారు నోరులేనివారు. వారి విశ్వవిద్యాలయమునకు ఎవరు జవాబు చెప్పుదురు? అది క్షీణించినదని మేము మా పిల్లలను తీసికొనిపోతిమి. మేము తీసికొనిపోతిమి కనుక అది క్షీణించినది. ఈ గానుగలో మా ఎద్దు కూడ తిరిగినది. మా కుమారుని ఇక్కడనే చేర్పింతమని మా యిల్లాలు మెల్లగ అన్నప్పుడు, "నలుగురేమందురు?" అని నోరు మూయించినవారము మేమే.

కావున తండా మిత్రునికి మేమిచ్చు ప్రత్యుత్తరము ఆనాడు చెప్పినదే గాని, చెప్పవలసిన తీరు వేరు. "పంపుము" అని కుర్చీలో కూర్చుండి చెప్పుట కాదు. ఏ శాఖలో స్థిరమైన అధ్యాపకులెందరు, ఒప్పందమువారెందరు, వారిలో పట్టుగ చెప్పువారెవరు, వారమునకు ప్రయోగశాల ఎన్ని గంటలు తెరచియుండును, హాస్టలులో చోటున్నదా, క్రిందటేడు చదివినవారు ఇప్పుడేమి చేయుచున్నారు, ఇవి అడిగి వ్రాసికొనవలెను. ఆ ప్రశ్నలనే హైదరాబాదు కళాశాలవారినిగూడ, వారు ఫోను చేసినప్పుడే, అడుగవలెను. జవాబులు ప్రక్కప్రక్కన పెట్టి చూచినపిమ్మట ఎకరము అమ్ముటయో మానుటయో ఆయన యిష్టము.

నిన్న ఆయనకు కబురు పంపితిమి. సీటు కోరుకొనుటకు గడువింకను కలదు. సోమవారము ప్రొద్దున దేవరకొండ బస్సు నిలయములో ఆయన, ఆయన బిడ్డ, మేము కలసి నల్లగొండ బస్సు ఎక్కవలెనని నిశ్చయమైనది. అమ్మాయి తన ప్రశ్నలను ఒక నోటుపుస్తకములో ముందే వ్రాసికొన్నదట. మా కుమారుడు సెలవులకు వచ్చియున్నాడు. వానినిగూడ వెంట రమ్మంటిమి.