ఆ తూటా లెక్క మీరే కట్టి చూడండి

బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే మనవాళ్ల రెజ్యుమేల్లో తిరిగి తిరిగి అవే కనిపిస్తాయి. ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్, ఇళ్ల ధరల అంచనా, ఓ చాట్‌బాట్, ఓ షాపింగ్ వెబ్‌సైట్. చాలావరకు రిపోర్టుతో సహా డబ్బులిచ్చి తెచ్చుకున్నవే. ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ తెలుసు. అదే కుర్రాళ్లు రాత్రి రెండింటి దాకా బీజీఎంఐ ఆడి, ఏ గన్‌కి రీకాయిల్ తక్కువ, దేనికి డ్యామేజ్ ఎక్కువ అని పొద్దున హాస్టల్ మెస్‌లో టిఫిన్ చల్లారేదాకా వాదించుకుంటారు. నన్నడిగితే, ఆ వాదనలో ఉన్నంత ఇంజినీరింగ్ ఆ ప్రాజెక్టుల్లో ఉండదు. షూటర్ గేమ్‌లో ఒకే ఒక్క తుపాకీని తీసుకుని, దాన్నీ దాని తూటానూ వాస్తవానికి దగ్గరగా పనిచేయించి చూపిస్తే చాలు. కొనుక్కొచ్చిన నాలుగు ప్రాజెక్టుల కంటే అదే బరువైనది.

ఎందుకో లెక్కతోనే చెప్తా. చాలా గేముల్లో తూటా అనేదే ఉండదు. ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీ నుంచి ఒక సరళరేఖ గీసి, అది ఎవరికి తగిలితే వాళ్లకు దెబ్బ తగిలినట్టు రాసుకుంటారు. దీన్నే హిట్‌స్కాన్ అంటారు. కౌంటర్ స్ట్రైక్ ఇలాగే పనిచేస్తుంది. పబ్‌జీ తరహా గేముల్లో మాత్రం తూటాకు ప్రయాణ సమయం ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది. ఏకే రైఫిల్ తూటా గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో వెళ్తుంది. 300 మీటర్లు వెళ్లడానికి, గాలి లేదనుకుంటే, 0.42 సెకన్లు. ఆలోపు భూమ్యాకర్షణ దాన్ని 86 సెంటీమీటర్లు కిందికి లాగేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వెళ్తున్న జీపు అదే సమయంలో 7 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. మీరు ఆటలో అలవాటుగా జీపుకు ముందు గురిపెట్టేది ఈ 7 మీటర్ల కోసమే. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సే ఇదంతా.

ఇప్పుడు ఆ ‘గాలి లేదనుకుంటే’ అన్న మాట తీసేద్దాం. ఎంసెట్ కోసం బట్టీపట్టిన ప్రక్షేపకం సూత్రంలో ఇదే 715 వేసి, 45 డిగ్రీల కోణంలో పేల్చి చూడండి. తూటా 52 కిలోమీటర్లు వెళ్తుందని వస్తుంది. అంటే హైదరాబాద్‌లో పేలిస్తే భువనగిరి దాటిపోవాలి! నిజంగా అయితే కొద్ది కిలోమీటర్లలోనే పడిపోతుంది. మిగతాదంతా గాలి తినేస్తుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక్క సూత్రంతో సమాధానం రాదు. చిన్న చిన్న సమయపు ముక్కలుగా విడగొట్టి, ముక్కముక్కకీ వేగాన్నీ స్థానాన్నీ కొత్తగా లెక్కించుకుంటూ పోవాలి. ఎం3లో న్యూమరికల్ మెథడ్స్ అని ఎందుకు చదువుతున్నామో తెలియకుండానే చదివేసింది ఇక్కడ పనికొస్తుంది.

అసలు మజా దీన్ని కోడ్ చేసేటప్పుడు మొదలవుతుంది. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు నడుస్తోందనుకోండి. సెకనుకు 900 మీటర్లు వెళ్లే తూటా ఒక్కో ఫ్రేముకు 15 మీటర్లు దూకుతుంది. మధ్యలో ఉన్న 20 సెంటీమీటర్ల గోడ దానికి కనపడనే కనపడదు. ఒక ఫ్రేములో గోడకి ఇవతల, తర్వాతి ఫ్రేములో అవతల. కాబట్టి తూటా ‘ఇప్పుడు ఎక్కడుంది’ అని చూస్తే సరిపోదు. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీత గీసి, ఆ గీత దేనికైనా తగిలిందా అని చూడాలి. ఇంకో తిరకాసు ఉంది. మామూలు ఆయిలర్ పద్ధతిలో ఫ్రేముకొకసారి లెక్క వేస్తే, అర సెకను ప్రయాణంలో 30 ఫ్రేముల ఫోనుకీ 120 ఫ్రేముల ఫోనుకీ తూటా ఎత్తులో దాదాపు 6 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒకరికి హెడ్‌షాట్, ఇంకొకరికి మిస్! ఫిజిక్స్‌ని స్క్రీన్ వేగంతో ముడిపెట్టకుండా స్థిరమైన టైమ్‌స్టెప్‌లో నడపాలని పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కదు. ఈ 6 సెంటీమీటర్లు కళ్లారా చూస్తే జన్మలో మర్చిపోరు.

మందుగుండు సంగతీ అంతే. సగం వాడిన మ్యాగజైన్ తీసి రీలోడ్ చేస్తే చాలా గేముల్లో మిగిలిన తూటాలు మళ్లీ మొత్తం లెక్కలో కలిసిపోతాయి. నిజానికి అవి ఆ మ్యాగజైన్‌లోనే ఉంటాయి. ఆర్మా సిరీస్‌లో ఏ మ్యాగజైన్‌లో ఎన్ని మిగిలాయో విడివిడిగా గుర్తుంటుంది. దానికోసం తయారైన ఏస్ అనే మోడ్‌లో అయితే సగం ఖాళీ అయిన వాటి నుంచి తూటాలు తీసి ఒకదాంట్లోకి సర్దుకోవాలి, దానికీ సమయం పడుతుంది. ప్రోగ్రామర్ కళ్లతో చూస్తే ఇది ఒక్క పూర్ణసంఖ్యను తీసేసి లిస్టు పెట్టడం. ఛాంబర్‌లో ఉండిపోయే ఆ ఒక్క తూటా, రీలోడ్ మధ్యలో పరిగెత్తితే ఏమవ్వాలన్న ప్రశ్న, ఇవన్నీ కలిస్తే చక్కని స్టేట్ మెషీన్ అవుతుంది. 2012లో వోల్ఫైర్ గేమ్స్ ఏడు రోజుల పోటీ కోసం చేసిన ‘రిసీవర్’ గేమ్ మొత్తం దీనిమీదే నిలబడింది. మ్యాగజైన్ తీయడం, తూటాలు ఒక్కొక్కటే నింపడం, స్లైడ్ లాగడం, ప్రతి పనికీ వేరే కీ. ఆడేవాడికి చెమటలు పడతాయి.

‘ఈ తుపాకుల ఆటలు చూపిస్తే ఉద్యోగం ఎవడిస్తాడు’ అని ఇంట్లో అంటారు. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్‌కి ఇద్దరు కుర్రాళ్లు, మిన్ లే, జెస్ క్లిఫ్, చేసిన మోడ్‌గానే మొదలైంది. తర్వాత వాల్వ్ సంస్థే దాన్ని తీసుకుంది. పబ్‌జీ రూపకర్త బ్రెండన్ గ్రీన్ కూడా ముందు ఆర్మా గేములకి మోడ్‌లు చేసినవాడే. అంత పెద్ద కథలు అందరికీ జరగవు, ఒప్పుకుంటా. దగ్గరి ఉదాహరణే చూడండి. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికీ, పోలీసులకీ ఫైరింగ్ శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేస్తోంది. అక్కడ తూటా సరిగ్గా దిగాల్సిన చోట దిగకపోతే అది ఆట కాదు, తప్పుడు శిక్షణ. డ్రోన్లయినా, రోబోలయినా, వాహనాల సిమ్యులేషన్ అయినా టైమ్‌స్టెప్, ఢీకొనడం, నిరోధం అనే ఈ మూడు సమస్యలు తప్పవు. గేమ్ స్టూడియోలో సీటు రాకపోయినా ఈ పని వృథా పోదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, గోడో అనే ఉచిత ఇంజిన్ ఉంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంకా లోతుగా వెళ్లాలనుంటే ఏస్ మోడ్ సోర్స్‌కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది. గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఈదురు గాలి, తూటా తనచుట్టూ తాను తిరగడం వల్ల పక్కకు జరగడం, అన్నీ అందులో లెక్కించారు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ గేముల ఫైళ్ల జోలికి పోవద్దు. దాన్ని మోడ్ అనరు, మోసం అంటారు. అకౌంట్ పోతుంది, రెజ్యుమేలో చెప్పుకోవడానికీ ఉండదు.

అన్నీ పెట్టాలన్న తాపత్రయం కూడా వద్దు. కౌంటర్ స్ట్రైక్‌లో తూటాకు ప్రయాణ సమయం లేకపోవడం బద్ధకం వల్ల కాదు. చిన్న మ్యాపుల్లో, దగ్గరి దూరాల్లో ఆ తేడా కనపడదు, గురి మాత్రం ఖచ్చితంగా ఉండాలి. మీ ప్రాజెక్టులో కూడా ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో రీడ్‌మీలో రాయండి. ‘భూభ్రమణ ప్రభావం ఎందుకు పెట్టలేదు’ అని ఇంటర్వ్యూలో అడిగారనుకోండి. హైదరాబాద్ అక్షాంశం దగ్గర 300 మీటర్ల దూరానికి దానివల్ల తూటా పక్కకు జరిగేది అర సెంటీమీటర్ కూడా ఉండదని, ఆ లెక్క బోర్డు మీద వేసి చూపించండి.