రహస్య ప్రయోగాలకూ రిజిస్టర్ ఉండాలి

గోదావరిఖని బొగ్గు బాయిల్లో మైనింగ్ సర్దార్‌గా పనిచేసినవాణ్ని. సేఫ్టీ ల్యాంప్ వత్తి తగ్గించి చూస్తే, మంట మీద నీలి టోపీ కనబడిందంటే మీథేన్ ఉన్నట్టే. అది రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాల్సిందే. ఆ గాలి పీల్చేది కార్మికుడు మరి.

రహస్య ప్రయోగాలు చేసే ప్రభుత్వాలకూ ఇదే కట్టుబాటు ఉండాలి. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1953లో ‘ఎంకే అల్ట్రా’ అనే రహస్య ప్రయోగాలు మొదలుపెట్టి, మనుషులకు తెలియకుండానే ఎల్‌ఎస్‌డీ మత్తుమందు ఇచ్చింది. 1973లో ఆ ఫైళ్లలో చాలావాటిని ధ్వంసం చేసింది. రసాయన ఆయుధాలు తయారుచేయబోమని, వాడబోమని 1992లో పాకిస్తాన్‌తో కలిసి ప్రకటించిన మన దేశం, వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ విషవాయువు నిల్వ ఉందని 1997లో ఒప్పుకుంది. అంతర్జాతీయ తనిఖీల నడుమ 2009కల్లా దాన్ని నాశనం చేసింది.

తనిఖీ ఉన్నచోటే నిజం బయటికొస్తుంది. మన గూఢచారి సంస్థలు ఐబీ, ‘రా’లపై పార్లమెంటు పర్యవేక్షణకు నేటికీ చట్టం లేదు. ఆ చట్టం తెమ్మని మన ఎంపీలను గట్టిగా అడగాలి.