జాగిలం ఇంటికి వస్తే

సాకేతమంటే అయోధ్యకు మరో పేరు. రామరాజ్యంలో ఒక కుక్క తనను అకారణంగా కొట్టిన మనిషి మీద ఫిర్యాదు చేయడానికి రాజసభకు వచ్చిందనీ, రాముడు దాని మాట ఆలకించి న్యాయం చెప్పాడనీ ఉత్తరకాండలో తరువాత చేరిన కథ ఒకటి ఉన్నది. దక్షిణ ఢిల్లీలోని సాకేత్ కాలనీది ఆ పేరే. అక్కడి మేడల మీది ఇళ్ళలో పెరిగే కుక్క కోరేది మరొక న్యాయం: తనను తెచ్చుకునే ముందు తన స్వభావం తెలుసుకోవాలని.

జాగిలం విషయంలో ఇది మరీ అవసరం. గ్రేహౌండ్ అనగానే తెలుగువారికి కుక్క కన్న ముందు పోలీసు దళం స్ఫురిస్తుంది. నక్సలైట్లను ఎదుర్కొనడానికి 1989లో కె.ఎస్.వ్యాస్ ఆంధ్రప్రదేశ్‌లో నెలకొల్పిన దళానికి ఈ వేటకుక్క పేరే పెట్టారు. అటువంటి జంతువును పసిపిల్లలు తిరిగే ఇంట్లో ఎలా ఉంచడం అని ఒక గృహిణి అడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

సమాధానమే ఆశ్చర్యం కలిగిస్తుంది. గ్రేహౌండ్ గంటకు 65 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. కాని ఆ పరుగు కొద్దిసేపే. తరువాత రోజులో అధికభాగం నిద్రపోవడమే దాని పని. ఉదయం, సాయంత్రం కాస్త నడిపించి, అప్పుడప్పుడు ప్రహరీ ఉన్న స్థలంలో స్వేచ్ఛగా పరుగెత్తనిస్తే చాలు. సామాన్యంగా అది ఎక్కువగా మొరగదు, వెంట్రుకలు పొట్టివి, మనుషుల దగ్గర ఒదిగి పడుకోవడం ఇష్టం. పాశ్చాత్య దేశాలలో పందేల నుంచి విరమించిన గ్రేహౌండ్లను వేలాది కుటుంబాలు చేరదీయడానికి కారణమిదే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర ప్రజలు 2018లో కుక్క పందేలు వద్దని ఓటు వేశారు. 2020 చివరికి అక్కడ పందేలు ఆగిపోయాయి.

మన దేశంలో ఈ కుక్కకు దగ్గరి బంధువులున్నవి. ఢిల్లీకి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని రాంపూర్‌లో నవాబు అహ్మద్ అలీఖాన్ అఫ్గాన్ తాజీ జాగిలాలనూ, ఇంగ్లీషు గ్రేహౌండ్లనూ కలిపి రాంపూర్ జాతిని వృద్ధి చేశాడని చెబుతారు. కర్ణాటకలోని ముధోల్ జాగిలం దక్కన్ నేలకు అలవాటు పడినది. 2005లో మన తపాలా శాఖ నాలుగు స్వదేశీ జాతుల కుక్కల బొమ్మలతో బిళ్ళలు విడుదల చేస్తే వాటిలో ఈ రెండూ ఉన్నవి. ఎండకు తట్టుకోలేని మంచుదేశపు కుక్కను ఢిల్లీ గ్రీష్మంలో చల్లని గదిలో బంధించి పెంచడం కంటే ఇటు చూడడం వివేకం.

అయితే ఒక మాట మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో రాజుల నాటి వేట ముగిసింది. జాగిలానికి వృత్తి పోయింది, ప్రవృత్తి పోలేదు. అది వాసన కన్న కంటిచూపును నమ్ముకొని వేటాడే జంతువు. పార్కులో ఒక ఉడుత కదిలినా, గోడ మీద పిల్లి తోక ఆడించినా, యజమాని పిలుపు దాని చెవికెక్కదు. సెకనుకు 18 మీటర్లు దాటే కుక్క ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు మీది వాహనాల మధ్యకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? అందుచేత బయట గొలుసు విప్పరాదు. దాని మెడ దాదాపు తలంత లావు ఉంటుంది కనుక మామూలు పట్టా జారిపోతుంది. లాగినప్పుడు కొద్దిగా బిగిసే వెడల్పు పట్టా వాడాలి.

దాని చర్మం పలుచన, ఒంట్లో కొవ్వు తక్కువ. జనవరి చలికి దుప్పటి కోటు, ఎముకలు ఒరుసుకోకుండా మెత్తని పడక కావాలి. కొన్ని రకాల మత్తుమందుల ప్రభావం ఈ జాతి మీద ఎక్కువసేపు ఉంటుంది; శస్త్రచికిత్సకు ముందు ఆ సంగతి పశువైద్యునితో ప్రస్తావించడం మంచిది. నిద్రలో ముట్టుకుంటే కొన్ని జాగిలాలు ఉలిక్కిపడి కరవబోతాయి. పేరు పెట్టి పిలిచి, అది కళ్ళు తెరిచిన తరువాతనే దగ్గరకు వెళ్ళాలని పిల్లలకు నేర్పాలి.

ఢిల్లీలో పెంపుడు కుక్కను నగరపాలక సంస్థ వద్ద నమోదు చేయించడం, రేబీస్ టీకా వేయించడం యజమాని బాధ్యత. అంతకన్న పెద్ద బాధ్యత దానిని కడదాకా ఉంచుకోవడం. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల గురించి సుప్రీంకోర్టు రెండు వారాల వ్యవధిలో రెండు ఉత్తర్వులిచ్చింది. దేశమంతా ఆ వాదంలో మునిగింది. విసుగెత్తి వదిలేసిన ఇంటి కుక్క కూడా చేరేది ఆ వీధికే. పెంపుడు జంతువును అలా విడిచిపెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. వెచ్చని పడకకు అలవాటుపడిన పలుచని జాగిలం వీధిలో ఒక శీతకాలం గడపడం కష్టం.

జాగిలం పది పన్నెండేళ్ళు బతుకుతుంది. నేడు దాని కోసం మారాం చేసే పిల్లవాడు అప్పటికి కాలేజీకి వెళ్ళిపోయి ఉంటాడు. అయినా దానిని నడిపించేవారెవరో ఇంటిల్లిపాది ముందే కూర్చుని తేల్చుకోవాలి. అప్పుడిక నేటి సాకేత్ కుక్క ఫిర్యాదుతో ఎవరి వాకిలికీ పోనక్కరలేదు.