కాపలా కాదు, అడగడం నేర్చుకుందాం

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము పాడేరు వైపు ఊళ్ళ నుంచి వచ్చి, విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది మా రూమ్ తమ్ముడొకడు నిద్ర లేక, తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోతే ఇంటికి పంపేశారు. ఊళ్ళో దిసారికి చూపించారు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు నెలలకి మందులతో తిరిగొచ్చాడు. వాడు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం.

వాడొచ్చాక మేము చేసింది కాపలా. బాత్రూంకి వెళ్తే తలుపు దగ్గర నిలబడ్డాం. ఫోన్ తీసి చూశాం. పక్క రూమోళ్ళు "మెంటల్" అంటే మాత్రం నోరెత్తలేదు. ఒకరోజు వాడే అన్నాడు, "అన్నా, నాకేం కావాలో ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు.

ఆ రాత్రి వాడు చెప్తుంటే నోట్‌బుక్‌లో రాశాం. రాత్రి పదింటికి లైటు ఆపాలి. మందు వేసుకున్నావా అని ఒక్కరే, ఒక్కసారే అడగాలి. దిసారి తాయెత్తు కట్టినా మందు మానడు. రిజల్ట్స్ రోజు పక్కన ఒకరుండాలి. రెండు రోజులు మెస్‌కి రాకపోతే బాగోలేదని అర్థం. అప్పుడు ముందు వాళ్ళ అక్కకి ఫోన్ చెయ్యాలి, నాన్నకి కాదు. డాక్టర్ దగ్గరికి మన భాష వచ్చినవాళ్ళే తోడెళ్ళాలి.

దీనికో పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. 1997లో అమెరికాలోని వెర్మాంట్‌లో, మానసిక జబ్బులు అనుభవించినవాళ్ళే మేరీ ఎలెన్ కోప్‌లాండ్‌తో కలిసి తయారుచేసిన 'వెల్‌నెస్ రికవరీ యాక్షన్ ప్లాన్'. బాగున్నప్పుడు ఎలా ఉంటాం, రోజూ ఏం చెయ్యాలి, మనల్ని కుదిపేసేవేంటి, ముందు కనిపించే గుర్తులేంటి, చెయ్యి దాటితే ఎవరేం చెయ్యాలి, తేరుకున్నాక ఎలా మొదలుపెట్టాలి, ఇవన్నీ ముందే రాసుకోవడం. ప్లాన్ మాత్రం ఆ మనిషిదే. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, 18 దాటినవాళ్ళు తమకెలాంటి వైద్యం కావాలో, వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది.

ఇవన్నీ పట్నం వేషాలు అనేవాళ్ళున్నారు. ఊళ్ళో ఒకరు దిగులుపడితే పక్కింటోళ్ళు వచ్చి కూర్చోరా? హాస్టల్లో ఇంతమంది ఉన్నాం, అలా కూర్చునేవాళ్ళే లేరు.

ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. మనం డాక్టర్లం కాదు. "చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఎవరైనా అంటే దాచడం స్నేహం కాదు. వాళ్ళని ఒంటరిగా వదలకుండా వెంటనే పెద్దవాళ్ళకి చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

హాస్టల్ పెద్దలకీ ఒక మాట. బాగోలేనివాణ్ణి ఇంటికి పంపేస్తే పని అయిపోదు. సీటు ఉంచండి, నెలకోసారైనా కౌన్సిలర్‌ని రప్పించండి. ఆ కాగితం ఎవరికి చూపించాలో రాసుకున్నవాళ్ళ ఇష్టానికే వదిలెయ్యండి.

పోయిన నెల మావాడు మళ్ళీ రెండు రోజులు మెస్‌కి రాలేదు. మేము కంగారుపడలేదు, కాగితం తీసి వాళ్ళక్కకి ఫోన్ చేశాం. ఆమె మాట్లాడింది, మాలో ఒకరు డాక్టర్ దగ్గరికి తోడెళ్ళారు. వారం తర్వాత క్లాసుకొచ్చాడు. పూర్తిగా నయమైందని అనం. కానీ ఈసారి వాణ్ణి ఎవరూ ఇంటికి పంపలేదు.

ఈ ఆదివారం ప్రతి రూమ్‌లో ఎవరి కాగితం వాళ్ళు రాసుకోండి, బాగున్నప్పుడే.