విషము చిందినప్పుడు ఎవరికి చెప్పవలెను?

అణుశక్తి కర్మాగారముల మురుగునీటిని గూర్చి ప్రశ్న వచ్చినప్పుడెల్ల అధికారులు చెప్పు సమాధాన మొక్కటే: వికిరణము పరిమితిలోనే యున్నది, భయపడ నక్కరలేదు. ఈ మాట నిజమే కావచ్చును. కాని అది సగము ఉత్తరము. నీటిని చెడగొట్టునది వికిరణ మొక్కటియే కాదు. ఆమ్లము కలదు, అమోనియా కలదు, నైట్రేటు కలదు. వికిరణమును కొలుచు యంత్రమునకు ఇవి చిక్కవు.

తిరుమలగిరి వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. లష్కరు దండుప్రాంతమునకు తూర్పున కొలది మైళ్లలో, మౌలాలి దాపున, 1971లో స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కలదు. దేశమందలి అణువిద్యుత్కేంద్రములకు ఇంధనపు కట్టలు అక్కడ తయారగుచున్నవి. 1974 పిదప పరదేశములు సాయము నిలిపివేసినను మన యింజనీర్లు చేతులు ముడుచుకొని కూర్చుండక ఈ విద్యను స్వయముగ సాధించిరి. అందులకు మేమును గర్వించుచున్నాము. ఈ కర్మాగారము మూతపడవలెనని మా కోరిక కాదు.

అక్కడ జరుగు పని యెట్టిదో పాఠకులు తెలిసికొనుట మంచిది. ఝార్ఖండ్‌లోని జాదూగూడ నుండియు, మన కడపసీమలోని తుమ్మలపల్లె నుండియు యురేనియపు ముడిసరకు మౌలాలికి వచ్చును. దానిని నైట్రికామ్లమున కరగించి, ద్రావకములతో శుద్ధిచేసి, అమోనియా కలిపి అడుగునకు దింపుదురు. యురేనియము దిగిన పిదప మిగిలిన నీటిలో అమోనియం నైట్రేటు నిలిచియుండును. విద్యుత్కేంద్రములలో సైతము రసాయనములు లేకపోలేదు; గొట్టములు త్రుప్పు పట్టకుండుటకు హైడ్రజీను వంటివి నీటిలో కలుపుదురు. ఇవి బయటికి పోకుండ తొట్లు, కుంటలు, కవాటములు ఏర్పాటుచేసియుందురు. కాని కవాటము వదులగుటయు, కుంట అడుగు చిరుగుటయు ఎంత శ్రద్ధగల కర్మాగారమునందైనను సంభవించునదే.

త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారత ప్రమాణము. మించిన నీటితో కలిపిన పాలు త్రాగిన శిశువునకు రక్తము ప్రాణవాయువును మోయలేక ఒడలు నీలివర్ణమగు వ్యాధి రావచ్చును. కాచినను నైట్రేటు పోదు. నీరు మరగి తగ్గినకొలది దాని పాలు హెచ్చును. బావినీరు కాచి పోసిన చాలునని నమ్ముచున్న తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పుచున్నారు? కర్మాగారము చెంతనున్న అశోక్‌నగర్ ప్రాంతపు బావినీటిని గూర్చి ఏండ్ల తరబడి ఫిర్యాదులు వినవచ్చినవి. నైట్రేటు మరుగుదొడ్ల గుంటల నుండియు, ఎరువుల నుండియు కూడ భూమిలోనికి దిగును. చెడిన ప్రతి బావికిని కర్మాగారమునే నిందించుట న్యాయము కాదు. కనుకనే లెక్కలు బయట పెట్టుడని అడుగుచున్నాము. లెక్క దాచినచో నిర్దోషి సైతము అనుమానమునకు పాత్రుడగును.

ముడిసరకు వచ్చు తావులలో ఏమి జరిగినదో చూతము. 2006 డిసెంబరులో జాదూగూడలో వ్యర్థపు బురదను మోయు గొట్టము పగిలి, గంటల కొలది అది వాగులోనికి పారినది. దానిని కనిపెట్టి కర్మాగారమువారికి తెలిపినవారు గ్రామస్థులేయని వార్తలు వచ్చినవి. తుమ్మలపల్లె చెంత కొట్టాల గ్రామపు రైతులు, వ్యర్థపు చెరువు వలన బోరునీరు చెడి అరటితోటలు పాడైనవని మొరపెట్టుకొనిరి. 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసిచ్చెను. సంస్థవారు ఆరోపణను త్రోసిపుచ్చిరి. ఉభయపక్షముల వాదములు అటుండగా, ఆ రైతు త్రాగు నీరు మాత్రము ఆ బోరునుండి రావలసినదే.

శాసనము లేదా యన్నచో ఉన్నది. 1974 నాటి జలకాలుష్య నివారణ శాసనము 31వ సెక్షను ప్రకారము, ప్రమాదవశమున విషపదార్థము వాగులోనికి గాని, బావిలోనికి గాని, నేలమీదికి గాని పోయినను, పోవునట్లున్నను, ఆ స్థలమునకు బాధ్యుడైన అధికారి తత్‌క్షణమే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. మంచిదే. కాని ఆ నీరు త్రాగువానికి తెలుపవలెనని ఆ సెక్షనులో ఒక్క మాటయు లేదు. పైగా వికిరణమును చూచునది ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి. రసాయనములను చూచునది రాష్ట్ర మండలి. ఒకరి కాగితము మరియొకరి బల్లమీదికి చేరునేమో గాని బావిగల యింటికి చేరదు.

ఫ్రాన్సు దేశమున 2008 జూలైలో ట్రికాస్టాన్ అణుక్షేత్రమునందు యురేనియము కలిసిన ద్రవము పొంగి సమీపపు వాగులలో కలిసెను. అక్కడి ప్రభుత్వము బావినీరు త్రాగరాదనియు, చేపలు పట్టరాదనియు ఉత్తరువు చేసెను. పిదప, వార్త ఆలస్యముగ తెలిపినందులకే ఆ సంస్థకు న్యాయస్థానము జరిమానా విధించెను. ఆలస్యమే నేరమను ఈ న్యాయము మనకును అవసరము.

దేశరక్షణ రహస్యమను మాట అడ్డు వచ్చునని మే మెరుగుదుము. పరప్రభుత్వము 1923లో అధికార రహస్యముల శాసనము చేసినప్పుడు వారు భయపడినది మనకు. స్వరాజ్యమున ఎవరికి భయపడి దాచవలెను? 2005 నాటి సమాచార హక్కు శాసనము దేశపు శాస్త్రీయ, వ్యూహాత్మక ప్రయోజనములకు మినహాయింపు నిచ్చిన మాట నిజమే. కాని బావిలోని నైట్రేటు ఎంతయో తెలిసికొని ఏ శత్రువు మనపై దండెత్తును?

వేసవిలో తిరుమలగిరి మేడలకు వచ్చు ట్యాంకరు నీరు ఏ బోరు నుండి తోడినదో కొనువానికి తెలియదు. తోలుకొని వచ్చువాడు చెప్పడు. కావున ఇది మౌలాలి వారి గొడవ యని ఊరకుండుటకు వీలులేదు. కర్మాగారము చుట్టునున్న బావులలో నైట్రేటు, అమోనియా, ఫ్లోరైడు, యురేనియము ఎంతెంత యున్నవో నెలనెలయు పరీక్షించి, వార్డు కార్యాలయములలోను పఠనమందిరములలోను తెలుగున, ఉర్దూలో అంటింపవలెను. ప్రమాదము జరిగిన దినముననే చుట్టుపట్ల వారికి తెలుపవలెను. వాన రానున్నదని చేతి ఫోనులకు వార్త పంపగల ప్రభుత్వమునకు ఇది అసాధ్యము కాదు. ట్యాంకరుపై బోరు ఉన్న తావు వ్రాయింపవలెను. ఈ మూడింటిని దండుబోర్డు వారును, నగరపాలక సంస్థ వారును గట్టిగా అడుగవలెను.

కర్మాగారపు అధికారులు గాని, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలివారు గాని గత అయిదేండ్ల బావినీటి పరీక్షల లెక్కలు పంపినచో, అక్షరము మార్చక ఈ పుటలోనే ప్రకటింతుము.